మిరప కల్లంలో ఖాకీ

తువ్వాలు ముక్కుకు కట్టుకుని ఇటొచ్చి కూర్చోండి. పట్ట కప్పి చుట్టూ రాళ్ళు పెట్టినా కాయ ఘాటు ఆగదు. గాలి తిరిగినప్పుడల్లా గొంతులో గరగర. కొత్తవాళ్ళకు మొదటి అరగంట తుమ్ములు తప్పవు, ఆ తర్వాత అలవాటవుతుంది.

రాత్రి పది దాటింది. ఫిబ్రవరి చివరి రోజులు. పగలంతా ఎండకు పెళపెళలాడిన నల్లరేగడి ఇప్పుడు చల్లబడి వీపు కింద చలి పుట్టిస్తోంది. దూరంగా కణేకల్ దీపాలు. అటుపక్క రోడ్డు మీద బళ్ళారికి పోయే లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోతోంది. ఈ కల్లానికి దగ్గర్లో ఇల్లు లేదు. ఒక వేపచెట్టు, బోరు పక్కన రేకుల గది, ఒక కుక్క, మేమిద్దరం, మా నడుమ ఎర్రటి కుప్ప. సగం ఏడాది ఆ కుప్పలోనే ఉంది. తుంగభద్ర ఎగువ కాలువలో వంతు నీళ్ళ కోసం పడ్డ గొడవలున్నాయి, పురుగుమందులకు చేసిన అప్పుంది, కోతకొచ్చిన ఆడవాళ్ళ కూలి ఉంది. ఇంకో నాలుగు ఎండలు తగిలితే సంచులకెత్తి బ్యాడిగి మార్కెట్టుకు పంపాలి. అందాకా రాత్రి నిద్ర ఉండదు.

పక్కనున్న పెద్దాయనను మామ అంటాను. చుట్టరికం కాదు, ఊరి వరస. ఎరుకల మనిషి. వెదురు తట్టలు, ఈత బుట్టలు అల్లిన చేతులు. ఆ వేళ్ళు చూడండి, కొసలు నున్నగా అరిగి సెనగ్గింజల్లా మెరుస్తాయి. మూడేళ్ళుగా కల్లం రోజుల్లో నాతోపాటు కాపలా ఉంటున్నాడు.

ఫోన్ను నీళ్ళ క్యానుకు ఆనించాను. సినిమా ఇంటి దగ్గరే దించుకుని వచ్చాను, ఇక్కడ సిగ్నల్ నిలవదు.

"ఏం సినిమాప్పా ఈ పొద్దు?"

"ఖాకీ మామా. కార్తీది."

"పోలీసోళ్ళదా?"

"ఊఁ. అరవంలో తీసి మన మాట పెట్టినారు."

"పెట్టు," అన్నాడు ఆకువక్క తొక్కుతూ.

తమిళ పోలీసు మా జిల్లాకు కొత్తవాడేం కాదు. 2003లో వచ్చిన సామి మరుసటి ఏడాదే బాలకృష్ణ లక్ష్మీనరసింహాగా, కాక్క కాక్క వెంకటేష్ ఘర్షణగా మనింటికొచ్చాయి. సూర్య సింగం 2010లో యముడై వచ్చింది, ఇప్పటికీ ఏదో ఒక టీవీలో ఆడుతూనే ఉంటుంది. ఆ పోలీసు కొడితే మనుషులు గాల్లో తిరిగి పడతారు, అరిస్తే గాజు పగులుతుంది. పండగ పూట చూడ్డానికి బాగుంటుంది. ఖాకీ అలాంటిది కాదు. తమిళంలో తీరన్ అధికారం ఒండ్రు. హెచ్. వినోద్ తీశాడు. 2017 నవంబరు 17న తమిళంలోనూ తెలుగులోనూ ఒకేరోజు విడుదలైంది. నేను దీన్ని ఇప్పటికి ఆరుసార్లు చూశాను. ఏడోసారి ఈ కల్లంలో చూస్తానని మాత్రం అనుకోలేదు.

మొదలైంది. రోడ్డు పక్కన ఒంటరి ఇల్లు. లోపల కుటుంబం నిద్రలో ఉంది. బయట చీకట్లో మనుషులు కదులుతున్నారు, చేతుల్లో ఇనుప రాడ్లు. తలుపు మీద మొదటి దెబ్బ పడింది.

మామ చేయి చాచి ఫోను మీద పెట్టాడు. "సౌండు తగ్గించప్పా."

"యాలకు మామా?"

"కుక్క ఏమంటాందో ఇనాల."

ఆపాను. మా కుక్క వేపచెట్టు కింద లేచి నిలబడి కాలువ వైపు మొరుగుతోంది. మామ తల పక్కకు వాల్చి విన్నాడు. మీరూ వినండి. మొదట పొడవుగా ఒకటి, ఆగి రెండు చిన్నవి, మళ్ళీ పొడవుగా ఒకటి.

"నక్క. మనిసికైతే ఇట్ల ఆగి ఆగి అరవదు. ఒగటే బిగువు." ఆకు నమలడం మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇంగ పెట్టు."

ఈ సినిమాను హాల్లో చూడడం వేరు, ఇక్కడ చూడడం వేరు. హాల్లో ఆ ఇల్లు తెర మీది ఇల్లు. ఇక్కడ, చుట్టుపక్కల పిలిస్తే పలికే మనిషి లేని చోట, తెర మీద తలుపు విరుగుతుంటే కళ్ళు ఫోను మీద నిలవవు, దాని వెనకున్న చీకట్లోకి పోతాయి. ఆ దొంగలు లారీల్లో వస్తారు. జాతీయ రహదారి పట్టుకుని వందల మైళ్ళు దిగి, ఊరి చివర ఒంటరి ఇల్లు చూసుకుని, పని ముగించి, తెల్లారేలోగా సరుకు లారీల మధ్య సరుకు లారీ అయిపోతారు. రోడ్డు మీద ఇందాకటి లారీ చప్పుడు ఎప్పుడాగిందో నేను గమనించలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టి మెడ వెనక చల్లగా పాకింది.

ఇందులో చాలావరకు జరిగిందే. 1995 నుంచి దాదాపు పదేళ్ళు ఉత్తరాది ముఠా ఒకటి తమిళనాడులో రహదారి పక్క ఇళ్ళను ఇలాగే కొల్లగొట్టింది. నిద్రలో ఉన్నవాళ్ళ తలల మీద కొట్టేవాళ్ళు. 2005 జనవరిలో గుమ్మిడిపూండి ఎమ్మెల్యే సుదర్శనాన్ని ఆయన ఇంట్లోనే చంపారు. గుమ్మిడిపూండి ఎక్కడో కాదు, మన తడ దాటితే వచ్చేదే. ఐ.జి. ఎస్.ఆర్. జాంగిడ్ నాయకత్వంలో ప్రత్యేక బృందాలు బయల్దేరాయి. ఆ వేటకు ఆపరేషన్ బవారియా అని పేరు. జాంగిడ్‌ది రాజస్థాన్. చెన్నై పోలీసు కచేరీలో కూర్చుని ఉత్తరాది పల్లె మాట అర్థం చేసుకోగలిగిన అధికారి దొరకడం ఆ కేసుకు పెద్ద బలం.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం వస్తోంది, దగ్గరికి జరగండి. కొట్లాట లేదు. బల్లలు, బల్లల మీద కట్టలు కట్టలుగా కాగితాలు, భూతద్దాలు పట్టుకుని వంగిన మనుషులు. నేరం జరిగిన చోట దొరికిన వేలిముద్రను పట్టుకుని రాష్ట్రం తర్వాత రాష్ట్రం తిరుగుతారు. ఒక్కొక్క కార్డూ తీసి, చూసి, పక్కన పెట్టి, ఇంకోటి తీస్తారు. రోజులు నెలలవుతాయి. చొక్కాలు మాసిపోతాయి, గడ్డాలు పెరుగుతాయి, పై ఆఫీసు నుంచి డబ్బు రాదు, బండి దారిలో ఆగిపోతుంది. హీరోను ఇంతసేపు వెతకనిచ్చిన పోలీసు సినిమా నాకు మరొకటి తెలియదు. సగటున ఏడాదికి 552 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లాలో పుట్టినవాణ్ణి. బోరు వేసి, నీళ్ళు పడక, ఇంకోటి వేసి, అదీ పడక, మూడోదానికి అప్పు చేసిన మనుషుల మధ్య పెరిగాను. ఫలితం కనబడకపోయినా రేపు మళ్ళీ అదే బల్ల ముందు కూర్చునే ఆ పోలీసుల మొహాలు నాకు తెలిసిన మొహాలే.

"ఇంత మంది ఏలిముద్రల్లో ఒగటి ఎట్ల కనిపెడతారప్పా?" మామ అడిగాడు.

తెలిసినంత చెప్పాను. వేలి గీతల్లో సుడులు, వంపులు, విల్లులాంటివీ ఉంటాయి. ఏ వేలికి ఏది ఉందో చూసి లెక్క కడితే మనుషులందరినీ 1024 గూళ్ళలో సర్దవచ్చు. దొరికిన ముద్ర ఏ గూటిదో తెలిస్తే ఆ గూడు వెతికితే చాలు. ఆ లెక్క కట్టింది మనవాళ్ళే. కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. 1897లో ప్రపంచంలోనే మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం పెట్టింది కూడా కలకత్తాలోనే.

మామ తన బొటనవేలు ఫోను వెలుగులో పెట్టి చూసుకున్నాడు. ఏమీ అనలేదు.

తెర ఉత్తరాదికి మారింది. ఇసుక, ముళ్ళచెట్లు, గాలికి ఎగిరే దుమ్ము. మామ ముందుకు వంగాడు. "ఇది హగరి గడ్డ మాదిరి ఉండాది సూడు."

నిజమే. ఇక్కడి నుంచి బొమ్మనహాళ్ వైపు పోతే దర్గా హొన్నూరు, గోవిందవాడ దగ్గర వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల్లోకి నడిచొచ్చాయి. ఆ నదినే మేం హగరి అంటాం. ఎండాకాలం గాలి రేగితే చేను గట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. రాజస్థాన్ చూడని మామకు ఆ ఎడారి ఎక్కడో దూరాన ఉన్న చోటు కాదు. ఒకవైపు ఎగువ కాలువ నీళ్ళలో వరి, మా ఊరి చిక్కణ్ణేశ్వర వడియార్ చెరువులో అలలు, కొంచెం దూరం పోతే పొలాల మీద ఇసుక. ఒక్క పూటలో రెండూ చూడొచ్చు.

ఆ తర్వాత ఆ ఘట్టం వచ్చింది. ఆరుసార్లూ నేను ఇష్టంగా చూసింది, ఏడోసారి చూడలేకపోయింది.

ఆ ముఠా ఎవరో తెలిశాక వాళ్ళ పూర్వచరిత్ర చెబుతారు. రాజుల కాలంలో యుద్ధాలు చేసినవాళ్ళు, ఓడి అడవులు పట్టినవాళ్ళు, వేటాడి బతికినవాళ్ళు, ఆఖరికి తెల్లవాళ్ళ కాగితాల్లో నేరస్థ జాతి అయినవాళ్ళు. సంగీతం హోరెత్తుతుంది. భయపెట్టేలా, గొప్పగా తీశారు. ఆ హోరులో ఒక ముఠా కథ కాస్తా ఒక జాతి కథ అయిపోతుంది. ఫలానా కడుపున పుట్టినవాడు ఫలానా పనే చేస్తాడన్న మాట చూసేవాడి చెవిలో దిగిపోతుంది. సినిమా వచ్చినప్పుడు తమిళనాట దీని మీద విమర్శలు లేచాయి. అప్పుడు నాకవి సరిగా అర్థం కాలేదు.

మామ ఆకు నమలడం ఆపేశాడు.

"మా అబ్బకు గూడా ఏపిచ్చినారంట," అన్నాడు కొంతసేపటికి.

"ఏం మామా?"

"ఏలిముద్ర. పది ఏళ్ళవీ." రెండు చేతులూ చాచి చూపించాడు. "పుస్తకంలో పేరు రాసుకుంటాండ్రి. రాత్రయితే హాజరు. ఇంట్ల ఉండాడా లేడా అని వచ్చి పిలుస్తాండ్రి. పక్కూరికి సావుకు పోవాలన్నా సీటీ ఉండాల. మా అబ్బ ఏం దొంగతనం జెయ్యలేదప్పా. ఎరుకలోడై పుట్టినాడు, అంతే."

ఫోను ఆపేశాను.

పుస్తకాల్లో చదివిన సంగతే ఇది. కానీ చెప్పే మనిషి పక్కన కూర్చున్నప్పుడు దాని బరువు వేరు. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు కోస్తా నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు మోసుకుని లోపలి ఊళ్ళకు తెచ్చేవాళ్ళు, తిరుగుదారిలో ధాన్యం తీసుకుపోయేవాళ్ళు. కరువు సీమలో వాళ్ళు రాకపోతే సంగటిలో ఉప్పు లేదు. రైలు వచ్చింది, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగిసింది, ఆ బేరం చచ్చిపోయింది. బతుకు పోయి దారుల్లో తిరిగేవాళ్ళను చూసి సర్కారు అనుమానపడింది. ఉత్తరాదిలో 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. పేర్లు రాసుకోవడం, వేలిముద్రలు తీసుకోవడం ఆ చట్టంలో భాగం. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఇటు కర్నూలు జిల్లాలో సిద్ధాపురంలోనూ సెటిల్మెంటు వెలిసింది. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 ఆగస్టు 31. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకు. అప్పటినుంచి వాళ్ళు విముక్త జాతులు. ఈ ఉప్పు బేరం కథను, సెటిల్మెంట్ల కథను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ పుస్తకంగా రాశారు. దాన్ని చదివి గీతలు కూడా గీసుకున్న మనిషిని నేను.

అంత చదివీ కిందటేడు నేనేం చేశానో చెప్పాలి.

ఇదే కల్లం. లారీకి ఎత్తే ముందు సంచులు లెక్కపెడితే ఒకటి తక్కువొచ్చింది. రెండోసారీ తక్కువే. నేను మామను అడిగాను, "మామా, రాత్రి ఎవరన్నా వచ్చిరా?" అని. గొంతు పెంచలేదు, ఒక్క చెడ్డ మాట అనలేదు. మామ కాసేపు నా మొహం చూసి, చంకలో ఉన్న సంచి తీసి నేల మీద బోర్లించాడు. సద్ది గిన్నె, ఆకువక్క పొట్లం, సున్నం డబ్బా, బుట్టలల్లే చిన్న కత్తి. సంచిని తిరగేసి దులిపి చూపించాడు. నేను అడగలేదు. అడగాల్సిన పని లేకుండానే ఆ చేతులకు ఏం చేయాలో తెలుసు. మూడు రోజులకు మార్కెట్టు చీటీ వచ్చింది. సంచులు సరిపోయాయి. లెక్క తప్పింది నాది. ఆ చీటీ మామకు చూపించాను గానీ తప్పయిందని మాత్రం అనలేదు. ఈ ఏడూ కాపలాకు రమ్మంటే వచ్చాడు.

సినిమాలో ఆ పోలీసులు ఒక్క వేలిముద్రకు జత దొరికేదాకా ఊళ్ళు తిరిగారు. రుజువు చేతికొచ్చేదాకా మనిషి మీద చేయి వేయకూడదని తిరిగారు. దాన్ని ఆరుసార్లు మెచ్చుకున్నవాణ్ణి, ఒక్క సంచి దగ్గర మాత్రం రుజువు కోసం మూడు రోజులు ఆగలేకపోయాను.

"మామా, కిందటేడు సంచి సంగతి..." అన్నాను.

మామ కుప్ప వైపు చూస్తున్నాడు. "తెలుసప్పా."

"తప్పు నాది. అప్పుడే అనాల్సింది."

"ఊఁ," అన్నాడు. లేచి వెళ్ళి, గాలికి లేచిన పట్ట అంచు మీద ఇంకో రాయి పెట్టి వచ్చాడు. "మంచు పడతాంది. కాయ తడిసిందంటే తాలు తేల్తాది." కూర్చున్నాక కొంతసేపు ఇద్దరం మాట్లాడలేదు. కుక్క వచ్చి ఆయన మడమల దగ్గర పడుకుంది.

మళ్ళీ తనే అన్నాడు, "స్టోరు బియ్యానికి పోతే ఆ మిసను నా ఏలు పట్టదప్పా. తుడిసి పెట్టు, తడిపి పెట్టు, ఇంగో ఏలు పెట్టు అంటాది ఆ పాప. అబ్బ ఏలు ఇడిసిపెట్టక పాయె. నా ఏలు పట్టుకోకపాయె." ఫోను వైపు గడ్డం ఎత్తి చూపాడు. "ఆ పోలీసాయప్ప పట్టుకున్యాడా వాళ్ళను? అది జెప్పు."

"పట్టుకుంటాడు. బస్సు మీద ఫైటింగుంది, శానా బాగుంటాది. చూస్తావా?"

"సగంలో ఆపితే ఎట్ల. పెట్టు."

ఫోను తెర ఆరిపోయింది. నా వేలు పెట్టబోయి ఆగాను. రెండు తర్వాత కాపలా వంతు మామది. నేను నిద్రపోతే సినిమా ఆగిపోయినప్పుడల్లా నన్ను లేపాలి. సెట్టింగులు తెరిచి, "మామా, నీ బొటనవేలు ఇట్ల పెట్టు," అన్నాను.

"యాలకు?"

"నీ వేలికి గూడా తెరుసుకోవాల ఇది."

ఆయన వేలు పంచెకు తుడుచుకున్నాడు. పెట్టాడు. ఫోను పట్టలేదు. ఎత్తి మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పట్టలేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, ఎడమచేతి బొటనవేలు, అన్నీ అయ్యాయి. వెదురు పీచు, మిరప తొడిమ, గడ్డపార అన్నీ కలిసి ఆ గీతలను ఎప్పుడో తినేశాయి. ఇంక చాలన్నట్టు మామ చేయి వెనక్కి తీసుకున్నాడు. నేను వదల్లేదు. నీళ్ళ క్యాను మూత విప్పి తువ్వాలు తడిపి, ఎడమచేతి చిటికెనవేలు తుడిచి, నేనే పట్టుకుని మెల్లగా ఆనించాను. గుండ్రంగా ఒక గీత మొదలైంది. ఎత్తి పెట్టాం. రెండో గీత. మళ్ళీ, మళ్ళీ. ఎనిమిదోసారికో తొమ్మిదోసారికో సున్నా నిండింది.

పేరు రాయమంది ఫోను. 'మామ' అని కొట్టాను.

తెర ఆర్పి ఆయన చేతిలో పెట్టాను. చిటికెనవేలు ఆనించాడు. తెరుచుకుంది. మళ్ళీ ఆర్పాడు, మళ్ళీ ఆనించాడు, మళ్ళీ తెరుచుకుంది. నాలుగుసార్లు అలాగే చేసి, ఫోనును నీళ్ళ క్యానుకు ఆనించి, తనే సౌండు కొంచెం తగ్గించి సినిమా పెట్టాడు. ఎడారి దారిలో బస్సు పోతోంది. నేను దుప్పటి కప్పుకుని కుప్ప పక్కన ఒరిగాను. కళ్ళు మూసుకున్నాక బస్సు ఇంజను చప్పుడు వినబడుతోంది. నడుమ నడుమ మామ శబ్దం ఆపి, కుక్క ఏమంటోందో వింటున్నాడు.